'మడపొల్లం' అనే ఇంగ్లీషు మాట: దాని పుట్టుక, అర్థం

చేనేత కుటుంబాలలో ఇప్పుడు పిల్లలు ఇంగ్లీషు బాగా చదువుతున్నారు. సంతోషమే. అయితే ఆ భాషలో మన వృత్తికి సంబంధించిన మాటలు ఎన్ని ఉన్నవో, అవి ఎక్కడినుండి వెళ్ళి అక్కడ చేరినవో బడిలో చెప్పేవారు తక్కువ. అందుచేత ఈ సంచికలో ఒకే ఒక మాట తీసుకొని, దాని పుట్టుపూర్వోత్తరాలు సభ్యుల ముందు ఉంచదలచాము.

ఆ మాట 'మడపొల్లం'. పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఏది తీసినా ఉంటుంది. సన్నని నూలుతో దట్టంగా నేసిన మెత్తని తెల్లబట్ట అని అర్థం రాసి ఉంటుంది. ఇంగ్లీషులోనే కాదు, ఫ్రెంచివారు దీనిని 'మదపొలాం' అంటారు, స్పెయిన్ దేశస్థులు 'మదపొలాన్' అంటారు, పోర్చుగీసు వారికీ ఈ మాట ఉన్నది. చదువుకునే కుర్రవాడు ఈ మాట చూస్తే, ఏ సీమలోనో పుట్టిన పేరు కాబోలు అనుకుంటాడు. కాని ఇది మన తెలుగు మాట. ఇంకా సరిగా చెప్పాలంటే ఇది ఒక తెలుగు ఊరి పేరు.

పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం ఉన్నది. వశిష్ఠ గోదావరి అక్కడికి కొద్ది దూరంలో సముద్రంలో కలుస్తుంది. ఆ నరసాపురాన్ని ఆనుకొని నది ఒడ్డున ఉన్న ఊరు మాధవాయపాలెం. నది దాటి సఖినేటిపల్లి వెళ్ళేవారు పంటు ఎక్కే రేవు అదే. కోనసీమలో బంధువులున్న మన సభ్యులు కొందరు ఆ రేవు దాటే ఉంటారు. దాటినవారిలో ఎంతమందికి తాము నిలబడిన నేల పేరు ఫ్రెంచి నిఘంటువులో ఉన్నదని తెలుసు?

1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చిన 'హాబ్సన్ జాబ్సన్' అనే నిఘంటువు అచ్చయింది. మన దేశంలో ఉన్న ఇంగ్లీషువారి నోట నలిగిన మాటలన్నీ పోగుచేసిన పుస్తకం అది. అందులో ఈ మాట కింద వారు రాసినదాని సారాంశం ఇది: ఇది గోదావరి పాయ మీద ఉన్న మాధవాయపాలెం అనే ఊరిపేరు; 1833 వరకు అక్కడ కుంపిణీవారి వర్తకపు ఏజెన్సీ ఉండేది; ఆ లంకల నేలలో కుంపిణీకి ఉన్న మూడు ఏజెన్సీలలో ఇదే ముఖ్యమైనది; మిగిలిన రెండూ బెండమూర్లంక, ఇంజరం. బట్ట సంగతి చెబుతూ, ఇది కాలికోకూ మస్లినుకూ నడిమి రకపు తెల్లబట్ట అన్నారు. ఆ తరువాత వారు చెప్పిన ముక్క ఒకటున్నది. దానికోసమే ఈ వ్యాసం రాస్తున్నాము. అది కొంచెం ముందుకు పోయాక చెప్పుకుందాము.

మాధవాయపాలెం మడపొల్లం ఎట్లా అయింది అని అడగవచ్చు. తెల్లవారి చెవికి మన 'ధ' కారం 'డ' కారంగానే వినిపిస్తుంది. నడుమ ఉన్న 'వాయ' వారి నోట నిలవక జారిపోయింది. ఇక 'పాలెం' అనేదాన్ని 'పొల్లం' అన్నారు. మన పాలెగాళ్ళను వారు 'పోలిగార్లు' అన్నది కూడా ఈ వరసలోనే. బెండమూర్లంకను 'బందర్ మలంకా' చేశారు. మన బ్రహ్మపురాన్ని 'బెర్హాంపూరు' చేసినవారు మాధవాయపాలెంను వదిలిపెడతారా! ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. మనం కూడా 'కంపెనీ'ని కుంపిణీ అన్నాము, హాలండువారిని వలందులు అన్నాము. మాట ఒడ్డు దాటేటప్పుడు కొంత తడుస్తుంది.

ఒక ఊరిపేరు బట్టకు ఎందుకు పడింది? ఈ సంగతి మన వృత్తివారికి చెప్పనక్కర లేదు. ఉప్పాడ చీర అంటాము, వెంకటగిరి చీర అంటాము, మంగళగిరి అంటాము. బట్ట ఎక్కడ దొరికితే ఆ ఊరు దాని పేరు. కుంపిణీవారి లెక్క కూడా ఇదే. పదిహేడవ శతాబ్దంలోనే వారు మాధవాయపాలెంలో వర్తకశాల పెట్టారు. దగ్గరలోనే పాలకొల్లులో వలందులు ఉండేవారు. ఆ రోజుల్లో నరసాపురం దగ్గర పెద్ద ఓడలు కట్టేవారు. వెనుక నూలు వడికే పల్లెలు, నేసే పేటలు. ముందు నది, సముద్రం. మార్కండి ఒడ్డున నిలబడి చూస్తే కనబడే ఈ సముద్రమే దక్షిణంగా బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కోరంగి దాటి నరసాపురం పోతుంది. ఈ తీరం పొడుగునా మూటలు ఓడలెక్కాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మన గంజాం జిల్లా కూడా గోదావరి జిల్లాలతో పాటు మద్రాసు రాజధానిలోనే ఉండేది. కనుక మాధవాయపాలెం కథ మనకు పరాయి కథ కాదు.

ఆ బట్టలను ఎలా కొలిచేవారో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో మరొక తెలుగు మాట ఉన్నది. కుంపిణీ వర్తకుల పుస్తకాలలో 'పంజం' బట్ట అని కనబడుతుంది. ఇది మన 'పుంజం' తప్ప మరొకటి కాదు. విశాఖపట్నం జిల్లా పాత గెజిటీరు లెక్క ప్రకారం పుంజానికి 120 పోగులు. పడుగులో ఎన్ని పుంజాలుంటే బట్టకు అంత పేరు. పది పుంజాల బట్ట, పన్నెండు, పద్నాలుగు, ఇట్లా నలభై పుంజాల వరకు ఉండేవి. పద్నాలుగు పుంజాలంటే 1,680 పోగులు. నలభై పుంజాలంటే 4,800 పోగులు. బట్ట పన్నా మారకుండా పోగులు ఇట్లా పెరిగితే నూలు ఎంత సన్నగా ఉండాలో, అచ్చు ఎంత దగ్గరగా కట్టాలో, అతికేవారి కంటికి ఎంత పనో ఆలోచించండి. ఇదంతా చేతివడుకు నూలు. ఇప్పటి వలె మిల్లు చిలపలు కావు. మన ఇండ్లలో పుంజం లెక్క వేరుగా ఉండవచ్చు. ఊరిని బట్టి, నూలును బట్టి మారుతుంది. మాట మాత్రం అదే.

ఈ సంగతి మేము ఒక పెద్దాయనతో చెప్పినపుడు ఆయన అన్న మాట: "బాగానే ఉందిగాని బాబూ, మన పుంజం వాళ్ళ పుస్తకాల్లోకి ఎక్కింది సరే, పుంజానికి కూలి ఎక్కిందా?" ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. కూలి ఎక్కలేదు. 1765-66లో ఉత్తర సర్కారులు కుంపిణీ చేతికి వచ్చిన తరువాత, కొనేవాడూ ఏలేవాడూ ఒకడే అయ్యాడు. నేతగాడికి ముందుగా సొమ్ము ఇచ్చేవారు. ఇచ్చిన సొమ్ము తీరేవరకు ఆ బట్ట మరొకరికి అమ్మకూడదు. ధర వారిదే, తనిఖీ వారిదే. పోగు తక్కువైనదని, నూలు దొడ్డుగా ఉన్నదని తిప్పికొట్టిన బట్ట నేతగాడి నెత్తిన పడేది. పాత సావుకారు పద్ధతి తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

అయినా అప్పటికి పేరు, బట్ట, ఊరు ఒకచోటనే ఉన్నవి. మడపొల్లం అంటే మాధవాయపాలెం చుట్టుపట్ల నేసి, అక్కడ మూటకట్టి, అక్కడినుండి ఓడ ఎక్కిన బట్ట. లండనులో కొన్నవాడికి ఆ ఊరు ఎక్కడుందో తెలియకపోవచ్చు. ఆ పేరున్న మూటలో ఏ రకం బట్ట ఉంటుందో మాత్రం తెలుసు.

తరువాత వచ్చిన మార్పు చాలామందికి తెలిసినదే కనుక త్వరగా చెబుతాము. మన అద్దకపు బట్టల పోటీకి ఆగలేక ఇంగ్లండులో 1700లో ఒక చట్టం చేసి వాటి దిగుమతి ఆపారు. 1721లో ఇంకొక చట్టం చేసి అద్దకపు నూలుబట్ట కట్టుకోవడాన్నే చాలవరకు నిషేధించారు. ఆ శతాబ్దంలోనే జాన్ కే విసురునాడె (1733), క్రాంప్టను వడుకు యంత్రం (1779), కార్టురైటు మరమగ్గం (1785) వచ్చినవి. 1813లో మన దేశంతో వర్తకానికి కుంపిణీకి ఉన్న గుత్త హక్కు తీసివేశారు. 1833 చట్టంతో కుంపిణీ వర్తకమే ముగిసింది. మాధవాయపాలెంలో ఏజెన్సీ కూడా దానితోనే మూతపడింది.

ఏజెన్సీ మూతపడితే ఆ పేరు కూడా మాసిపోవాలి గదా? మాసిపోలేదు. ఇక్కడనే హాబ్సన్ జాబ్సన్ చెప్పిన ఆ ముక్క వస్తుంది. 1886 నాటికి మడపొల్లం అనేది ఇంగ్లండునుండి ఇండియాకు ఎగుమతి అయ్యే ముఖ్యమైన సరుకు అని అందులో రాశారు!

సభ్యులు ఈ వాక్యాన్ని మరొకసారి చదవవలెనని మా మనవి. మాధవాయపాలెం బట్ట మాంచెస్టరు ప్రాంతంలో మరమగ్గం మీద తయారై, మాధవాయపాలెం పేరుతోనే ఓడ ఎక్కి, మన రేవులలో దిగింది. దాని నూలులో అమెరికా పత్తి ఉన్నది, దానిని నేసినది ఆవిరి. ఊరు లేదు, చెయ్యి లేదు, నూలు లేదు; పేరొక్కటే మిగిలింది. ఆ పేరు చూసి కొన్న మన తెలుగువారిలో అది తమ పక్క ఊరి పేరని ఎందరికి తోచిందో! బహుశః సీమబట్ట అనే అనుకొని ఉంటారు.

మరి ఆ పేరును లంకాషైరువారు ఎందుకు ఉంచుకున్నారు? వారు తలచుకుంటే వేరే పేరు పెట్టుకోలేరా? ఉంచుకున్నది మన మీద ప్రేమతో కాదు. నూరేళ్ళకు పైగా మన నేతగాళ్ళు అచ్చు కదలకుండా, పేక తప్పకుండా నేసి ఆ పేరుకు తెచ్చిన నమ్మకం ఉన్నదే, దానికి వెల ఉన్నది. కొత్త పేరుకు ఆ నమ్మకం రావాలంటే మళ్ళీ నూరేళ్ళు కావాలి. ఉన్న పేరు తీసుకుంటే ఆ నూరేళ్ళూ ఉచితంగా వస్తాయి. పేరు తీసుకున్నందుకు ఎవరినీ అడగవలసిన పని లేదు. అడ్డు చెప్పే చట్టమూ ఆనాడు లేదు.

ఆ నమ్మకం ఎంతదో తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువారు 'మస్కిటో' అనే విమానం చేశారు. డి హావిలండు కంపెనీవారిది. 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరింది. లోహానికి కరువు వచ్చిన కాలం కనుక దానిని చాలామట్టుకు కొయ్యతో చేశారు. బల్లలు, కుర్చీలు చేసే కార్ఖానాలు కూడా దాని భాగాలు చేసి ఇచ్చినవి. ఆ కొయ్య ఒంటిమీద తొడిగిన బట్ట ఏది? మడపొల్లమే. బట్ట అంటించి, దానిమీద లక్కపూత వంటి ఒక పూత పూసేవారు. పూత ఆరేటప్పుడు బట్ట బిగుస్తుంది. పడుగూ పేకా సమానమైన నూలుతో, సమానమైన దట్టంతో ఉన్న సాదా నేత అయితేనే పొడవునా అడ్డంగానూ ఒకే తీరుగా బిగుస్తుంది. పూత కూడా రెండు వైపులా ఒకే తీరుగా పీలుస్తుంది. ఒకవైపు ఎక్కువ లాగితే ముడత పడుతుంది. పడుగు పేకల సమానం అంటే ఏమిటో మగ్గం మీద కూర్చున్నవాడికి వేరే పాఠం అక్కరలేదు. మాధవాయపాలెం పేరు పెట్టుకున్న బట్ట అట్లా యుద్ధ విమానం ఎక్కి ఐరోపా ఆకాశంలో ఎగిరింది. మాధవాయపాలెంలో మాత్రం ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇది ఒక్క మడపొల్లం కథే అయితే ఏదో దురదృష్టం అనుకోవచ్చు. కాలికో అనే మాట కేరళలోని కోళిక్కోడునుండి పుట్టింది. ఇంగ్లీషువారి నోట అది కాలికట్టు. మస్లిను అనేది ఇరాకులోని మోసుల్ పట్టణంనుండి వచ్చిన పేరని చెబుతారు. మన ఒడిశా మాట కూడా ఒకటున్నది. 'జాకొనెట్' అని ఒక పలచని నూలుబట్ట ఉండేది. ఆస్పత్రులలో కట్టు కట్టడానికి కూడా వాడేవారు. ఆ మాట 'జగన్నాథి' నుండి, అంటే జగన్నాథపురినుండి పుట్టిందని నిఘంటుకారులు నిర్ణయించారు. స్వామివారి పేరు గాయాల కట్టుకు చేరింది. రథం పేరుమీద వారు చేసుకున్న 'జగర్నాట్' అనే మాట అందరికీ తెలిసినదే, దానిని వదిలేద్దాము.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాము.

కొంతకాలం క్రితం సంఘం పనిమీద మేము పొరుగు రాష్ట్రంలో ఒక పెద్ద పట్టణం వెళ్ళాము. ఒక బట్టల దుకాణంలో చీరలు చూస్తుండగా, కుంభం అంచు గల చీర ఒకటి తీసి "ఇది బరంపురం పట్టండి" అని పరిచారు. వేలితో తడిమితేనే తెలిసింది. అది పట్టు కాదు. అంచు నేత కాదు. మరమగ్గం మీద నడిచిన నమూనా. వెనుక తేలిన పోగులు కత్తిరించి ఉన్నవి. "అయ్యా, ఇది బరంపురంలో నేసినదేనా?" అని అడిగాము. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. చాలా మర్యాదగా, "కాదండి, బరంపురం అంటే డిజైను పేరండి" అన్నాడు.

ఆ అబ్బాయి మీద మాకు కోపం లేదు. కాని ఆ ఒక్క ముక్క విని చాలాసేపు మాట రాలేదు. మాధవాయపాలెంకు జరిగినది సరిగా ఇదే. మడపొల్లం అంటే ఊరు కాదు, రకం పేరు అని ఎవరో ఒకరోజు మొదటిసారి అన్నారు. రెండవవాడు అన్నాడు. తరువాత నిఘంటువు అన్నది.

నిఘంటువుతో పోలేదు, చట్టం కూడా అదే మాట చెబుతున్నది. మన దేశంలో భౌగోళిక సూచికల చట్టం 1999లో చేశారు. 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చింది. ఏ సరుకుకైనా ఒక ప్రాంతంవల్ల ప్రత్యేకమైన గుణమో పేరుప్రతిష్ఠలో వచ్చి ఉంటే, ఆ పేరును ఆ ప్రాంతపువారే వాడుకొనేటట్టు కాపాడే చట్టం అది. దానిలో 9వ విభాగం ఏ పేర్లను నమోదు చేయకూడదో చెబుతుంది. అందులో ఒకటి 'సామాన్య నామం' అయిపోయిన పేరు. అంటే, మొదట ఒక ఊరికి సంబంధించినదే అయినా, కాలక్రమేణా ఆ అర్థం పోగొట్టుకొని సరుకుకు వాడుక పేరుగా మారిపోయినది. మేము ఇంతసేపు చెప్పిన మడపొల్లం కథ అంతా ఈ ఒక్క నిబంధనలో ఇమిడి ఉన్నది. ఊరు తెలియకుండా బట్టను పిలిచే పేరుగా మారిన మాటకు ఆ ఊరివారు ఈ చట్టం కింద కాపుదల అడగడం ఎంత కష్టమో సభ్యులు ఊహించుకోవచ్చు.

బరంపురం పట్టుకు ఇంకా ఆ గతి పట్టలేదు. ఫొడా కుంభ అని పేరు పొందిన అంచుతో కూడిన బరంపురం పట్టు చీర, జోడు ఈ చట్టం కింద నమోదై ఉన్నవి. మన జిల్లాలోని బొమకాయి గ్రామం పేరు గల చీర కూడా నమోదైనది. ఇందులో ఒక సంగతి స్పష్టం చేయాలి, ఎందుకంటే చాలామంది పొరబడుతున్నారు. ఒడిశా పట్టీలో 'గోపాలపురం టస్సరు' అని ఒకటున్నది. అది మన గంజాం సముద్రపు ఒడ్డున ఉన్న గోపాలపురం కాదు. జాజ్‌పూరు జిల్లాలోని గోపాలపురం. ఆ పేరు మనది అనుకొని ఎవరైనా బిల్లుమీద వేసుకుంటే చిక్కులో పడతారు. ఇంకొకరు మన పేరు తీస్తే మనకు ఎంత తప్పో, మనం ఇంకొకరిది తీసినా అంతే తప్పు.

పట్టీలో చేరడంతో పని అయిపోయిందని కొందరి అభిప్రాయం. ఇది సరికాదు. నమోదు పది సంవత్సరాలకు ఒకసారి తిరిగి చేయించుకోవాలి. అంతకంటె ముఖ్యం, నమోదు పొందిన సంస్థ వేరు, దానిని వాడుకునే హక్కు గల నేతగాడు వేరు. ఆ హక్కు కావాలంటే ప్రతి నేతగాడూ 'అధీకృత వినియోగదారు'గా తన పేరు విడిగా నమోదు చేయించుకోవాలి. దానికి జీఐ-3 అనే దరఖాస్తు ఉన్నది. పంపవలసినది చెన్నైలోని రిజిస్ట్రీకి. ఇదివరకు రుసుము ఐదువందల రూపాయలుండేది. 2020లో నిబంధనలు సవరించి పది రూపాయలు చేశారు. పది రూపాయల పని. అయినా మన సభ్యులలో దరఖాస్తు పెట్టినవారికంటె, అదేమిటని అడిగినవారే ఎక్కువ. పేరు నమోదైన నేతగాడు దొంగ సరుకు మీద ఫిర్యాదు చేయగలడు. నమోదు లేనివాడు దుకాణంలో నిలబడి మావలె మాట రాక ఊరుకోవలసిందే.

'మా చీరలో పట్టు కర్ణాటకది, జరీ సూరతుది, ఇక బరంపురానిది ఏమిటి?' అని ఒక యువకుడు సభలో అడిగాడు. మంచి ప్రశ్న. బరంపురానిది చెయ్యి. కుంభం శిఖరం వలె కూచిగా లేచేటట్టు అంచు రంగు వేరుగా, ఒడలు రంగు వేరుగా పట్టి నేసే ఆ పని నేర్పు, తండ్రి పక్కన కొడుకు, అత్త పక్కన కోడలు కూర్చొని నేర్చుకున్నది. ఆంధ్రదేశంనుండి ఎన్నో తరాల క్రితం వచ్చి ఇక్కడ స్థిరపడిన దేరా కులస్థులు మోసుకొచ్చినది అదే. రెండేళ్ళకొకసారి ఠాకురాణి యాత్రకు అమ్మవారు దేశిబెహరా వీధికి పుట్టింటికి వచ్చినట్టు వస్తున్నదంటే, ఈ ఊరు నేతవారికి ఇచ్చిన స్థానం ఏమిటో తెలుస్తుంది. పట్టు ఎక్కడినుండైనా తెప్పించవచ్చు. మడపొల్లం విషయంలోనూ ఊరినుండి మొదట పోయినది పేరు కాదు. చేతికి పని పోయింది, పేరు ఆ తరువాత పోయింది.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. మన గంజాం యువకులు వేలకు వేలుగా సూరతు వెళ్ళి మరమగ్గాలు నడుపుతున్నారు. వారిలో మగ్గం ఉన్న ఇండ్లవారూ ఉన్నారు, మార్కండి వంటి తీరపు ఊళ్ళనుండి వలలు వదిలి వెళ్ళినవారూ ఉన్నారు. వారిని తప్పు పట్టము. నెల తిరిగేసరికి చేతిలో రొక్కం పడే చోటికి మనిషి పోతాడు. చేనేతకు కూలి గిట్టుబాటు చేయకుండా, కుర్రవాళ్ళు ఉండాలి అని ఉపన్యాసం చెప్పడం న్యాయం కాదు. లంకాషైరువారు మన పేరు తీసుకుపోయినపుడు మన చేతులు మన దగ్గరే మిగిలినవి. ఇప్పుడు చేతులు కూడా పోతున్నవి. అందుచేత ఈ కూలి సంగతిని, పేరు సంగతిని విడదీసి చూడకూడదని మా అభిప్రాయం. పేరు కాపాడుకుంటే, దొంగ సరుకు ధరతో మన సరుకు ధర పోల్చడం ఆగుతుంది. ధర నిలిస్తేనే కూలి పెంచమని అడగడానికి చోటు ఉంటుంది.

మన పక్షాన కూడా చేయవలసినవి ఉన్నవి. ఇతర నమూనాలు నేసినపుడు వాటికి 'బరంపురం మోడలు' అని మనమే బిల్లు రాయడం మానాలి. 'మోడలు' అనే మాట చేరిందంటే ఊరు పోయి రకం మిగులుతుంది. కల్తీ పట్టు కలిసిన సరుకుకు అసలు పేరు వేయరాదు. చేనేత గుర్తు 2006లో వచ్చింది. ఆ చీటీ ఉన్నచోట తప్పక కుట్టాలి. కొనేవారు చీటీ చూడరని కొందరంటారు. చూపిస్తే చూస్తారు.

మాధవాయపాలెం సంగతి చెప్పి ముగిస్తాము. ఆ పక్కనే నరసాపురంలో, చుట్టుపక్కల పల్లెలలో, తరాలుగా స్త్రీలు ఇంటి అరుగుల మీద కూర్చొని కొక్కెం సూదితో లేసు అల్లుతున్నారు. ఎక్కువ భాగం ఎగుమతి సరుకే. అల్లినవారికి అణాపైసలు, అమ్మినవారికి రూపాయలు అన్నట్టే చాలాకాలం నడిచింది. ఆ నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక సూచిక వచ్చింది. ఇక అల్లే స్త్రీలు ఒక్కొక్కరూ తమ పేరు నమోదు చేయించుకోవాలి. జీఐ-3 దరఖాస్తు నకళ్ళు మా కార్యాలయంలో ఉన్నవి. రాయడం రానివారికి మేమే నింపి పెడతాము. ఆధారు నకలు, సంఘ సభ్యత్వపు పుస్తకం వెంట తీసుకొని రావలెను.